ఇన్వర్‌కార్గిల్ రాహుకాలం

ఇన్వర్‌కార్గిల్‌లో తెలుగువాళ్ళు కారు కొనాలన్నా, ఫ్లాట్ మారాలన్నా, వీసా అప్లికేషన్ పంపాలన్నా ముందు బాలసుబ్రహ్మణ్యం అంకుల్‌కి ఫోన్ చేస్తారు. ఆయన పూజారి కాదు. ఊరి బయట పాలపొడి ఫ్యాక్టరీలో ల్యాబ్ టెక్నీషియన్. పగలు తెల్లకోటు వేసుకుని పొడిలో తేమ ఎంతుందో కొలుస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి రాహుకాలం కొలుస్తాడు. రెండు పనులూ ఒకే శ్రద్ధతో చేస్తాడు. ఆయన్ని చూసి నవ్వడం సులువు. నేనూ చాలా నవ్వాను.

ఇండియా పంచాంగం ఇక్కడ పనికిరాదని ఆయన వాదన. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే అందులో ఒకటి రాహుకాలం. తెనాలిలో పగలు ఏడాదంతా ఇంచుమించు పన్నెండు గంటలే కాబట్టి గంటన్నర అని బట్టీపడితే చాలు. ఇక్కడ భూమికి దక్షిణ కొసన ఋతువులు తలకిందులు, డిసెంబర్‌లో సూర్యుడు రాత్రి తొమ్మిదిన్నర దాకా దిగడు, జూన్‌లో ఐదింటికే పోతాడు. అందుకని ఎండాకాలం రాహుకాలం రెండు గంటలు, చలికాలం గంటా ఐదు నిమిషాలు. వాతావరణ శాఖ వాళ్ళ సూర్యోదయ సమయాలు తీసుకుని ఎక్సెల్‌లో పట్టిక కట్టి, నెలనెలా ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించేవాడు.

అప్పట్లో నేను వాళ్ళ పెరట్లో విడిగా కట్టిన ఒంటి గదిలో అద్దెకుండేవాణ్ణి. మా అమ్మానాన్నలు ఆక్లాండ్‌లో, మౌంట్ రాస్కిల్ అనే పేటలో ఉంటారు. నేను ఇక్కడి పాలిటెక్నిక్‌లో చేరి, ఏడాదిన్నరకి విసుగొచ్చి మానేసి, టైర్ల షాపులో పనికి కుదిరాను. నాన్న ఉద్యోగం మీద అందరం రెసిడెంట్లమే కాబట్టి మానేసినా నన్నెవరూ ఇండియా విమానం ఎక్కించలేదు.

ఎండాకాలం ఇక్కడ గడియారాలు గంట ముందుకి తిప్పుతారు. ఒకరోజు ఆ పట్టిక చూసి అడిగాను.

"అంకుల్, రాహువుకు కూడా డేలైట్ సేవింగ్ ఉంటదా?"

"నవ్వరా, నవ్వు. నువ్వు కాలేజీలో ఏ టైముకి చేరావో చెప్పు, ఎందుకు మానేశావో నేను చెబుతా."

వాళ్ళావిడ మంగాదేవి ఆంటీ చపాతీలు వత్తుతూ నవ్వింది.

ఆయన ఇంత చాదస్తుడు కావడానికి ఒక కారణం ఉంది. ఇంటర్ అయ్యాక డాక్టర్ కావాలని గుంటూరులో లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. గదికి ఆరుగురు, గోడల నిండా పువ్వు కోసిన బొమ్మలు, కప్ప కోసిన బొమ్మలు. మొదటిసారి ర్యాంకు చాలా దూరంలో ఆగింది. రెండోసారి సీటు అంచుల్లో ఆగింది. ఆ పరీక్ష రోజు బస్సు తప్పుతుందన్న కంగారులో వర్జ్యం చూసుకోకుండా గడప దాటాడట. వాళ్ళమ్మ పోయేదాకా ఆ మాట అంటూనే ఉండేదట. అంకుల్ కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేశాడు, హైదరాబాద్‌లో మందుల కంపెనీలో పనిచేశాడు, 2005లో భార్యనీ ఐదేళ్ళ కూతుర్నీ తీసుకుని ఇక్కడికొచ్చాడు. ఆ వర్జ్యం మాత్రం ఆయన్ని వదల్లేదు.

కూతురు హేమశ్రీ. 2017లో బడి చివరి ఏడాది చదువుతోంది. డాక్టర్ కావాలన్నది తండ్రి రుద్దిన కోరిక కాదు. నేను దగ్గర్నుంచి చూశాను కాబట్టి చెబుతున్నాను. రెండేళ్ళపాటు ప్రతి శనివారం వృద్ధుల హోమ్‌కి వెళ్ళి ముసలివాళ్ళకి అన్నం తినిపించింది. అక్కడ ఒకావిడ వారం వారం ఈ పిల్ల పేరు మొదటిసారి వింటున్నట్టే అడిగేది. ఈ పిల్ల వారం వారం మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేది. తోటి పిల్లలు మా జిల్లా జట్టు సౌత్‌ల్యాండ్ రగ్బీ ఆటకి అరుస్తుంటే ఈమె గదిలో హీటర్ పక్కన కూర్చుని ఎంట్రెన్స్ ప్రశ్నలు చేసేది.

ఇక్కడ డాక్టర్ కావాలంటే బడి అయ్యాక డనీడిన్ వెళ్ళి యూనివర్సిటీలో హెల్త్ సైన్సెస్ మొదటి ఏడాది చదవాలి. బోలెడంత మంది చేరతారు. ఏడాది చివర మార్కులు చూసి కొందరికే మెడిసిన్ ఇస్తారు. అంకుల్‌కి ఆ పద్ధతి వింటేనే చెమటలు పట్టేవి.

"ఇది లాంగ్‌టర్మే గదరా! పేరు మార్చి ఇంగ్లీషులో పెట్టారు. నా కూతురు ఆ ర్యాంకుల గోతిలో పడటానికి వీల్లేదు."

అందుకే బ్రిటన్. అక్కడ బడి నుంచి నేరుగా మెడికల్ కాలేజీకి అప్లై చేయొచ్చు. ఒక ఎంట్రెన్స్ పరీక్ష, తన గురించి తాను రాసే ఒక వ్యాసం, బడి టీచర్ రాసే ఒక ఉత్తరం, నచ్చితే ఇంటర్వ్యూ. ఒకసారి లోపలికి తీసుకున్నారంటే డాక్టరయ్యే బయటికొస్తారు. ఫీజు ఎక్కణ్ణుంచి తెస్తారని ఆంటీ అడిగితే తెనాలిలో స్థలం ఉందిగా అనేవాడు. అక్కడితో ఆ మాట ఆగిపోయేది.

హేమశ్రీ ఆగస్టులో ఆక్లాండ్ వెళ్ళి ఎంట్రెన్స్ రాసింది. స్కోరు బాగానే వచ్చింది. వ్యాసం పదకొండుసార్లు తిరగరాసింది. సెప్టెంబర్ ఎనిమిదికల్లా అన్నీ సిద్ధం. ఇక ఆన్‌లైన్‌లో పంపడమే. ఇక్కడ ఒక సంగతి తెలియాలి. పిల్ల తన భాగం పంపితే అది నేరుగా బ్రిటన్ వెళ్ళదు, ముందు బడికి వెళ్తుంది. టీచర్ తన ఉత్తరం జతచేసి, ఆయన పంపితేనే బ్రిటన్ చేరుతుంది. ఆ బడిలో బ్రిటన్‌కి అప్లై చేసింది ఈమె ఒక్కతే. ఆ పని తెలిసినవాడు కెమిస్ట్రీ చెప్పే మెకాలమ్ ఒక్కడే. గడువు అక్టోబర్ పదిహేను, బ్రిటన్ టైము సాయంత్రం ఆరు.

"ఇవాళ పంపేస్తాను నాన్నా," అంది హేమశ్రీ ఆ రోజు, భోజనాల దగ్గర.

"ఇవాళా? మహాలయ పక్షం నడుస్తోందమ్మా. పెద్దలకి పెట్టుకునే రోజులు. కొత్త పని మొదలుపెట్టరు."

"ఇది స్టార్ట్ కాదు నాన్నా, ఫినిష్."

"అమావాస్య వెళ్ళనీ తల్లీ. పది రోజులేగా."

అమావాస్య వెళ్ళింది. దసరాలు వచ్చాయి. ఇన్ని రోజులు ఆగాం, విజయదశమికే నొక్కుదాం అన్నాడు. ఆ ఏడు విజయదశమి సెప్టెంబర్ ముప్పై, శనివారం. బడికి ఇరవైతొమ్మిది శుక్రవారంతో టర్మ్ అయిపోతుంది. తర్వాత రెండు వారాలు సెలవులు. మళ్ళీ తెరిచేది అక్టోబర్ పదహారు, సోమవారం.

"సర్ ఫ్రైడే లోపల పంపమన్నారు నాన్నా. తర్వాత హాలిడేస్."

"శుక్రవారం నవమి. ఒక్కరోజు ఆగితే దశమి. ఆ రోజు మొదలుపెట్టింది ఏదీ ఆగదు. అయినా ఈ దేశంలో ఇంటర్నెట్‌కి కూడా సెలవులిస్తార్రా?" అని నా వైపు తిరిగాడు.

"ఇంటర్నెట్‌కు ఇయ్యరు అంకుల్, సారుకు ఇస్తరు."

"నువ్వు మాత్రం చదువుల గురించి మాట్లాడకురా బాబూ."

నేను కంచం తీసుకెళ్ళి సింకులో పడేశాను. అప్పుడు గట్టిగా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. కోపం వచ్చిందంతే.

హేమశ్రీ కూడా చెప్పాల్సిన చోట చెప్పలేదు. మెకాలమ్ ఆమెని మూడుసార్లు అడిగాడు, ఇంకా ఎందుకు పంపలేదని. మా నాన్న మంచిరోజు చూస్తున్నాడని పదిహేడేళ్ళ పిల్ల క్లాసులో అందరి ముందూ ఎలా చెబుతుంది? మూడుసార్లూ వ్యాసం ఇంకా సరిచేస్తున్నానని చెప్పింది.

విజయదశమి రోజు మధ్యాహ్నం రెండూ ఇరవైకి ముహూర్తం. దేవుడి ముందు పీట వేసి, పీట మీద లాప్‌టాప్ పెట్టి, దానికి పసుపు కుంకుమ పెట్టారు. హేమశ్రీ నొక్కింది. ఆంటీ పాయసం పెట్టింది. నేను రెండు గిన్నెలు తిన్నాను, కాబట్టి తప్పులో నాకూ వాటా ఉంది.

సోమవారం చూస్తే అప్లికేషన్ ఇంకా బడి దగ్గరే ఉందని చూపించింది. మెకాలమ్‌కి మెయిల్ పెడితే నిమిషంలో యంత్రం జవాబిచ్చింది: సెలవులో ఉన్నాను, పదహారున వస్తాను. అంకుల్ క్యాలెండర్ ముందు నిలబడి లెక్క వేశాడు. బ్రిటన్ మనకంటే వెనక. వాళ్ళ పదిహేను సాయంత్రం అంటే మన పదహారు. బడి తెరిచేదీ పదహారే.

"చూశావా, దశమి మహిమ. ఆ రోజే ఆయన వస్తాడు, ఆ రోజే పంపుతాడు."

పాలపొడిలో తేమని రెండో దశాంశం దాకా కొలిచే మనిషి ఆ రోజు గంటలు లెక్కవేయలేదు.

పన్నెండో తారీఖు గురువారం సాయంత్రం హేమశ్రీ నా గది తలుపు కొట్టింది. చేతిలో ఫోనుంది.

"అన్నా, యూకేలో సిక్స్ పీఎం అంటే మనకి ఎంత?"

"నువ్వే చూసుకోరాదు?"

"చూశాను. నేను రాంగేమో, నువ్వు చెప్పు."

చూశాను. సరిగ్గా పన్నెండు గంటల తేడా. పదహారు సోమవారం, పొద్దున ఆరు. బడి తెరిచేది ఎనిమిదిన్నరకి.

"రెండున్నర గంటలు," అంది. అని నా గుమ్మంలోనే కింద కూర్చుండిపోయింది. ఏడవలేదు. షూలేసు విప్పి కట్టడం, విప్పి కట్టడం చేసింది. "నెక్స్ట్ ఇయర్ మళ్ళీ వెయ్యొచ్చు కదా అంటారు అందరూ. నాన్న కూడా అంతే కదా, నెక్స్ట్ ఇయర్ అనుకునే కదా రెండోసారి రాసింది."

ఇద్దరం కలిసి వెళ్ళి అంకుల్‌కి చెప్పాం. ఆయన లేచి కారు తీసుకుని బడికి వెళ్ళాడు. తాళం వేసిన గేటు చూసి వచ్చాడు. మర్నాడు డ్యూటీకి పోకుండా బడి ఫోనుకి పొద్దున్నుంచీ చేస్తూనే ఉన్నాడు. రికార్డు చేసిన గొంతు సెలవుల శుభాకాంక్షలు చెబుతూనే ఉంది. ఆంటీ మాత్రం ఒకసారి అంది, వంటింట్లోంచి, ఎవరి వైపూ చూడకుండా:

"మీ అమ్మగారు మిమ్మల్నన్నట్టు, రేపు నా కూతుర్ని మీరంటారేమో. ఇందులో దాని తప్పేం లేదు, గుర్తుపెట్టుకోండి."

శుక్రవారం సాయంత్రం షాపు మూసే వేళకి నాకు ట్రైలర్ గుర్తొచ్చింది. సెలవుల ముందు మెకాలమ్ పడవ లాగే ట్రైలర్‌కి టైరు మార్పించుకున్నది నా దగ్గరే. ఏటి ఒడ్డున వాళ్ళ నాన్న కట్టిన గుడిసె ఉందని, సెలవులంతా అక్కడేనని, అక్కడ ఫోను పలకదని, అదే దాని గొప్పతనమని చెప్పాడు. ఇక్కడివాళ్ళకి ఆ నెలల్లో వైట్‌బెయిట్ పిచ్చి. వేలెడంత కూడా ఉండని తెల్లటి చేపపిల్లలు సముద్రంలోంచి ఏట్లోకి ఎదురెక్కుతాయి. వాటికోసం వలలు పెట్టుకుని రోజుల తరబడి కూర్చుంటారు.

శనివారం పొద్దున ముగ్గురం నా కార్లో బయల్దేరాం. మటౌరా నది సముద్రంలో కలిసే వైపు వెళ్ళాలి. గొర్రెల మళ్ళు, గాలికి ఒకే పక్కకి వంగిపోయిన చెట్లు, వడగళ్ళు, మళ్ళీ ఎండ. అంకుల్ ముందు సీట్లో ఇస్త్రీ చొక్కా వేసుకుని, అప్లికేషన్ ప్రింటు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని కూర్చున్నాడు. హేమశ్రీ వెనక సీట్లో కిటికీకి తల ఆనించింది.

మూడు గుడిసెల తలుపులు కొట్టి, నాలుగోది పట్టుకున్నాం. మెకాలమ్ చెక్క వంతెన చివర నడుముదాకా రబ్బరు ప్యాంటు తొడుక్కుని వల దులుపుతున్నాడు. మమ్మల్ని చూసి ముందు నాతో అన్నాడు, "టైరు బాగానే ఉంది." తర్వాత హేమశ్రీని చూశాడు. అతని ముఖం మారింది.

"ఇంకా పంపలేదా?"

"పంపాను సర్. మీరు వెళ్ళిన మర్నాడు."

అతను వల కింద పెట్టాడు. గడువు ఎప్పుడో అతనికి తెలుసు. గంటలతో సహా తెలుసు.

"మూడుసార్లు అడిగాను నిన్ను. శుక్రవారం లోపల అని చెప్పాను. నీ ఉత్తరం రాసి నెల అయింది. ఎందుకిలా చేశావు?"

హేమశ్రీ తల దించుకుంది. అంకుల్ ముందుకొచ్చాడు. ఫ్యాక్టరీలో మాట్లాడే ఇంగ్లీషులో, ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పాడు. తప్పు తనదని, పిల్లది కాదని, అవి తమ పితృదేవతలకి సంబంధించిన రోజులని, చనిపోయినవాళ్ళకి చేయాల్సినవి ఉంటాయని.

మెకాలమ్ చటుక్కున టోపీ తీశాడు.

"అయ్యో, నాకు తెలియదు. ఎవరు పోయారు?"

అంకుల్ నోరు తెరిచి ఆగిపోయాడు. ఎవరో ఒకరు పోయారంటే చాలు, ఆ పెద్దమనిషి మా మీద జాలిపడి అప్పటికప్పుడే బయల్దేరి ఉండేవాడు. తన తండ్రి పోయాడంటే అబద్ధం కూడా కాదు, ఇరవై ఏళ్ళ కింద పోయాడు. నేనైతే అనేసేవాణ్ణి. అంకుల్ కూడా అనడానికే సిద్ధపడుతున్నాడని ముఖం చూస్తే తెలుస్తోంది. ఆయన పెదవి కదిలింది.

"ఎవరూ చనిపోలేదు సర్," అంది హేమశ్రీ. "మా నాన్న మంచిరోజు కోసం ఆపారు. మీకు చెప్పడానికి నాకు సిగ్గేసింది. అందుకే ఎడిట్ చేస్తున్నానని మూడుసార్లు అబద్ధం చెప్పాను."

ఇంగ్లీషులో చెప్పింది, గబగబా, తండ్రి వైపు చూడకుండా. అంకుల్ చేతిలో ప్లాస్టిక్ కవరు గాలికి టపటపా కొట్టుకుంటోంది. ఆయన దాన్ని ఆపడానికి కూడా ప్రయత్నించలేదు.

మెకాలమ్ ముక్కుసూటి మనిషి. కోపం దాచుకోలేదు.

"ఇప్పుడే రమ్మంటే రాను. నా పాస్‌వర్డ్ ఉన్న పుస్తకం బడిలో ఉంది. రేపు మధ్యాహ్నం ఆటుపోటు చూసుకుని ఎలాగూ ఇంటికొస్తాను. ఆరున్నరకి బడి దగ్గర ఉండండి. నేను రాకపోతే దారిలో చచ్చానని అనుకోండి." తర్వాత హేమశ్రీతో, కాస్త గొంతు తగ్గించి, "నాకు ముందే చెప్పి ఉంటే నవ్వేవాణ్ణి. నవ్వి, శనివారం దాకా ఆగి, పంపి వచ్చేవాణ్ణి," అన్నాడు.

ఆ మాట ఆమెకి తిట్టు కంటే ఎక్కువ తగిలింది. తిరిగొచ్చేటప్పుడు దారంతా ఏడ్చింది. అంకుల్ వెనక్కి తిరిగి ఒకసారి చెయ్యి చాపాడు. ఆమె పట్టుకోలేదు. ఆయన ఆ చెయ్యిని అలాగే సీటు మీద కాసేపు ఉంచి, తర్వాత తీసేసుకున్నాడు.

ఆదివారం ఆరున్నరకి బడి గేటు దగ్గర ముగ్గురం నిలబడ్డాం. ఆరూ నలభైకి ట్రైలర్ కనబడింది. అక్టోబర్ కాబట్టి ఇంకా బోలెడు వెలుగుంది. కెమిస్ట్రీ గదిలో కంప్యూటర్ ముందు మెకాలమ్ కూర్చున్నాడు, ఒంటి నుంచి చేపల వాసన. పుస్తకం తీశాడు, పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాడు, మూడోసారి తెరుచుకుంది. ఉత్తరం జతచేశాడు. మేం వెనక నిలబడ్డాం. తెర మీద పంపాలా అని అడుగుతోంది.

నేను గోడ గడియారం చూశాను. ఆరూ యాభై. ఆ ఇంట్లో రెండేళ్ళు తిన్నవాణ్ణి, ఫ్రిజ్ తలుపు తీసిన ప్రతిసారీ ఆ పట్టిక చూసినవాణ్ణి. ఆదివారం రాహుకాలం పగటి చివరి భాగం. ఇన్వర్‌కార్గిల్‌లో, అక్టోబర్ నడిమధ్యలో, ఆరున్నర నుంచి ఎనిమిదీ పది దాకా.

హేమశ్రీ కూడా గడియారం చూసింది. అంకుల్ చూడలేదు. ఆయనకి చూడక్కర్లేదు.

మెకాలమ్ మౌస్ మీద చెయ్యి పెట్టి, వెనక్కి తిరిగి అంకుల్‌ని అడిగాడు. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు, అదొక మర్యాద అనుకున్నట్టు.

"ఇప్పుడు మంచి సమయమేనా? కావాలంటే కాసేపు ఆగుతాను."

ఎనిమిదింపావు దాకా ఆగమంటే ఆగేవాడే. అంకుల్ నుదురంతా చెమట పట్టింది. కూతురి వైపు చూశాడు. ఆమె నేలవైపు చూస్తోంది. రెండు పిడికిళ్ళూ బిగించింది.

"మంచి సమయం," అన్నాడు అంకుల్ ఇంగ్లీషులో. "చాలా మంచి సమయం. దయచేసి పంపండి."

మెకాలమ్ నొక్కాడు.

బయటికొచ్చాక అంకుల్ కారు దగ్గర ఆగి, బానెట్ మీద రెండు చేతులూ పెట్టి తల వంచుకున్నాడు. నీళ్ళ సీసా ఇచ్చాను. అక్కర్లేదన్నాడు. ఇంటికెళ్ళాక దేవుడి గదిలో దీపం పెట్టుకుని కూర్చున్నాడట. భోజనానికి పిలిచినా రాలేదని ఆంటీ చెప్పింది.

ఆ తర్వాత ఆరు నెలలు ఆ మనిషి పడిన అవస్థ చెబితే మీకు నవ్వొస్తుంది, నాకు రాదు. హేమశ్రీ అప్లై చేసిన నాలుగు కాలేజీల్లో మొదటిది జనవరిలో కుదరదంది. నా దగ్గరికొచ్చి, "ఆ టైము నేను చెప్పానురా," అన్నాడు. ఫిబ్రవరిలో రెండోది కుదరదంది. "నా నోటితో చెప్పాను." వాళ్ళు మార్కులు చూస్తరు అంకుల్, టైము చూడరు అని చెప్పాను. నాకు తెలియదా అన్నట్టు చూశాడు. తెలుసు. తెలిసినంత మాత్రాన ఏమైంది? మొదట ఆపినందుకు ఒక తప్పు, చివర్లో ఆపనందుకు ఇంకో తప్పు. రెండూ తనవే. ఎటు తిరిగినా తప్పించుకునే దారి ఆయన తనకు తానే మూసేసుకున్నాడు.

హేమశ్రీ ఫిబ్రవరిలో డనీడిన్ వెళ్ళింది, ఏ గోతిలో పడకూడదని తండ్రి అనుకున్నాడో అదే హెల్త్ సైన్సెస్‌కి. వేరే దారి లేదు. మూడో కాలేజీ కంప్యూటర్‌లో ఇంటర్వ్యూ చేసింది. నాలుగోది మార్చి చివర్లో కుదరదంది. ఇంటికి ఫోన్ చేస్తే ఆంటీతో మాట్లాడేది. నాన్నతో రెండు నిమిషాలు, చలి గురించి.

ఏప్రిల్‌లో ఒక శనివారం ఆంటీ ఇచ్చిన గోంగూర పచ్చడీ ఒక హీటరూ పట్టుకుని నేను డనీడిన్ వెళ్ళాను. హేమశ్రీ చిక్కిపోయింది. హాస్టల్ మెట్ల మీద కూర్చుని పచ్చడి మూత తీసి వాసన చూసి, మామూలుగా చెప్పింది.

"మూడోది వచ్చింది అన్నా. సీటు ఇస్తామన్నారు. నిన్న."

నేను అరిచాను. ఆమె నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నాన్నకి చెప్పకు. యాక్సెప్ట్ చెయ్యాలి కదా, ఇంకో బటన్ ఉంది. అది నొక్కేశాక చెప్తాను."

నాకు ఒళ్ళు మండింది. "ఏందమ్మా ఇది? గా మనిషి నీకోసం రాహుకాలంల నిలబడి మంచి టైమని అబద్ధమాడిండు. ఆయన జన్మల ఆడని అబద్ధం. నీకు తెల్వదా?"

"తెలుసు. నాకు తెలీదా? అందుకే." మూత గట్టిగా బిగించింది. "చెప్తే మళ్ళీ చూస్తారు. చూడకుండా ఉండలేరు. మంచి టైము కాకపోతే మళ్ళీ నా ముందు నిలబడి పర్లేదు అంటారు. అన్నాక అయిదేళ్ళూ భయపడతారు, నేను డాక్టర్ అయ్యేదాకా. ఇంకోసారి ఆయన చేత అది చేయించలేను."

"నేనైతే దాచలేను."

"నాలుగు రోజులే అన్నా. ఆ బటన్ బుధవారానికి గానీ ఓపెన్ అవదు."

ఆ నాలుగు రోజులు నేను ఆయన ముఖం చూడలేకపోయాను. ఆదివారం టైర్లలో గాలి చూడమని వచ్చాడు. సోమవారం షాపుకొచ్చి, ఈస్టర్ అయ్యాక లండన్‌లో ఆఫీసులు తెరిచి ఉంటాయా, మూడో కాలేజీ వాళ్ళు ఎందుకింత ఆలస్యం చేస్తున్నారు అని అడిగాడు. నాకేం తెల్వదంకుల్ అని కారు కిందకి దూరాను. కింద చేయడానికి పనేమీ లేదు.

బుధవారం సాయంత్రం ఇంట్లోంచి కేక వినబడి పరిగెత్తాను. ఫోన్ స్పీకర్ మీద ఉంది. ఆంటీ ఏడుస్తోంది, నవ్వుతోంది. అంకుల్ కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. సీటు వచ్చిందని, ఒప్పేసుకున్నానని, అంతా అయిపోయిందని హేమశ్రీ మళ్ళీ చెప్పింది.

ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఎప్పుడు నొక్కావమ్మా?"

"క్లాసుకీ ల్యాబ్‌కీ మధ్య నాన్నా. టైము చూడలేదు."

"మంచిది తల్లీ," అన్నాడు. "మంచిది. అన్నం తిన్నావా?"

మర్నాడు పొద్దున షాపు తెరవకముందే వచ్చాడు. కారు దిగలేదు. అద్దం దించాడు. రాత్రంతా నిద్ర లేనట్టుంది. బుధవారం రాహుకాలం నడిమధ్యాహ్నం అని ఈ ఊళ్ళో తెలుగు పిల్లలందరికీ తెలుసు. క్లాసుకీ ల్యాబ్‌కీ మధ్య లంచ్ ఉంటుందని నాకు హేమశ్రీ చెప్పింది.

"నీకు ముందే తెలుసుగదరా?"

"తెలుసు అంకుల్."

"శనివారం చెప్పిందా?"

"ఆ."

స్టీరింగ్ మీద వేళ్ళతో తట్టాడు. అడగడానికి నోరు తెరిచాడు, నేను చూశాను. ఎన్నింటికి అని అడగబోయాడు. నేను అబద్ధం వెతుక్కుంటున్నాను.

"తెలిసినా చెప్పకు," అన్నాడు. "నేను అడిగినా చెప్పకు."

అద్దం ఎత్తుకుని ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు.